మెడికల్ షాపు అన్నలకు: మూతి పేలిందని వస్తే ఏ ట్యూబు ఇస్తున్నారు?

నరసరావుపేట, చిలకలూరిపేట, సత్తెనపల్లి, ఇంకా మన చుట్టుపక్కల ఊళ్ళల్లో మెడికల్ షాపులు నడిపే అన్నలకు, పొద్దున్నుంచి రాత్రి దాకా కౌంటర్లో నిలబడి మందులిచ్చే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నమస్తే.

మిమ్మల్ని తిట్టడానికి రాయట్లేదు, అది ముందే చెప్పేస్తున్నా. జలుబైనా జ్వరమైనా మేం డాక్టరు కంటే ముందు మీ దగ్గరికే వస్తాం, ఫీజు లేదు, టోకెన్ లేదు, గంటలు గంటలు బెంచీ మీద కూర్చునే పని లేదు, పైగా చిల్లర లేకపోతే రేపిద్దురులే మేడమ్ అంటారు, ఆ చనువుతోనే ఈ ఉత్తరం. విషయం చూడ్డానికి చాలా చిన్నది. జ్వరం తగ్గుతున్న టైములోనో, ఎండలో తిరిగొచ్చిన రెండ్రోజులకో పెదవి అంచు మీద గుత్తిగా నీటి పొక్కులు లేస్తాయి చూడండి, మా ఇంట్లో మూతి పేలింది అంటాం, కొందరు జ్వరం పొక్కులు అంటారు, మా అత్తగారైతే రాత్రి పడుకున్నప్పుడు పురుగు పాకింది అని తేల్చేస్తారు, గూగుల్లో కోల్డ్ సోర్ అని కొడితే బొమ్మలతో సహా వచ్చేది ఇదే. దీనికి మీరిచ్చే క్రీముల గురించే నా గోల.

నాకిది కాలేజీ రోజుల నుంచీ ఉంది. ఎండాకాలం ఒకసారి, పరీక్ష పేపర్లు దిద్దే టైములో నిద్ర లేకపోతే ఇంకోసారి, జ్వరమొస్తే ఎలాగూ గ్యారంటీ. అందుకని ఈ ట్యూబుల గురించి కాస్త ఎక్కువే చదివా, మా స్కిన్ డాక్టర్ గారిని కూడా విసిగించా. నాకు అర్థమైంది ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఈ పొక్కులు తెచ్చే వైరస్ మీద వాడే ఎసైక్లోవిర్ అనే మందు క్రీము పనికిరానిది కాదు, కానీ దాని వల్ల కలిసొచ్చేది మేమనుకునేంత లేదు, ఆ కలిసొచ్చే కాస్త కూడా మీరు అమ్మే పద్ధతిలో, మేం వాడే పద్ధతిలో రాదు.

ముందు కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందో చూద్దాం. మనిషి వస్తాడు, మాస్కు కిందకి లాగి పెదవి చూపిస్తాడు, అన్నా దీనికేదన్నా ఇవ్వు అంటాడు, వెనక ఇంకో నలుగురు బీపీ బిళ్ళలకి నిలబడి ఉంటారు, మీరు ఒక్క క్షణం చూసి డ్రాయర్ లాగి ఏదో ఒకటి ఇస్తారు. ఆ ఏదో ఒకటి ఊరికో రకంగా ఉంటుంది. కొందరు నోటిపూతకి రాసే జెల్లు ఇస్తారు, తోడుగా బీకాంప్లెక్స్ బిళ్ళలు ఒక స్ట్రిప్పు. నోటిపూత వేరు, అది నోటి లోపల బుగ్గకీ నాలుకకీ వచ్చే తెల్లటి పుండు, అది అంటుకోదు. పెదాల మూలలు చీలడం ఇంకా వేరు, దానికైతే విటమిన్ లోపం ఒక కారణం అవ్వొచ్చు. పెదవి అంచు మీద గుత్తిగా నీటి పొక్కులు లేచి, పగిలి, పసుపు రంగు చెక్కు కట్టేది వైరస్ పని, దాన్ని బీకాంప్లెక్స్ ఏమీ చెయ్యలేదు. ఇంకొందరు యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ ఇస్తారు, వైరస్ మీద అదీ పని చెయ్యదు, పుండు మీద చీము పట్టినట్టు అనిపిస్తే ఆ సంగతి వేరు. ఇవన్నీ డబ్బు దండగ అంతే, ప్రాణం మీదకేం రాదు.

అసలు భయపడాల్సింది ఇంకో రకం ట్యూబుకి. అదే, స్టెరాయిడూ యాంటీబయాటిక్కూ ఫంగస్ మందూ మూడూ కలిపి కొట్టిన క్రీము, తామరకీ అదే, దురదకీ అదే, మొటిమకీ అదే, ముఖం తెల్లబడ్డానికీ అదే. ఒకసారి ఊరెళ్ళినప్పుడు నాకు ఒక షాపులో ఇది అంటగట్టారు, అన్నిటికీ ఇదే పని చేస్తుంది మేడమ్ అని. మొదటి పూట ఎరుపు తగ్గినట్టే అనిపించింది, మంట కూడా తగ్గింది, అబ్బ బానే ఉందే అనుకున్నా. రెండ్రోజులకి పెదవి మీద నాలుగు పొక్కులున్నది కాస్తా ముక్కు కింద దాకా పాకింది. డాక్టర్ గారు ట్యూబు వెనకాల ఉన్న చిన్న అక్షరాలు చూసి క్లోబెటసాల్ అన్న పదం మీద వేలు పెట్టి చూపించారు. అది గట్టి రకం స్టెరాయిడ్, ఆ చోట ఒంటి రోగనిరోధక శక్తిని అణిచేస్తుంది, వైరస్ ఉన్న చోట ఒక్క స్టెరాయిడ్ రాస్తే దానికి అడ్డు తీసేసినట్టే. ఎరుపు తగ్గుతుంది కాబట్టి తగ్గుతున్నట్టు కనిపిస్తుంది, లోపల మాత్రం వైరస్ పెరుగుతూనే ఉంటుంది.

ఈ స్టెరాయిడ్ క్రీముల మీద దేశంలో స్కిన్ డాక్టర్ల సంఘం ఐఏడీవీఎల్ వాళ్ళు ఏళ్ళ తరబడి మొత్తుకుంటే 2018లో కేంద్ర ప్రభుత్వం చాలా స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్ లోకి తెచ్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఆ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు, ట్యూబు మీద ఎర్ర గీత మీరు రోజూ చూసేదే. మీలో ఎవరైనా బాగా చదువుకున్న అన్న ఉంటే అడగొచ్చు, మరి అమెరికాలో ఎసైక్లోవిర్‌లో హైడ్రోకార్టిజోన్ కలిపిన క్రీముకి 2009లో పర్మిషన్ ఇచ్చారు కదా అని. ఇచ్చారు, నిజమే. కానీ అందులో ఉన్నది 1 శాతం హైడ్రోకార్టిజోన్, స్టెరాయిడ్లలో బాగా తేలిక రకం, దానికి తోడు వైరస్ మందు అదే ట్యూబులో ఉంది. మీ డ్రాయర్లో ఉన్న మూడింటి కలగూరగంపలో వైరస్ మందే లేదు. రెండూ ఒకటి కాదు.

ఇక వైరస్ మందు సంగతికొద్దాం. ఈ వైరస్ పేరు హెర్పిస్ సింప్లెక్స్, టైప్ 1. ఎప్పుడో చిన్నప్పుడు, ఇంట్లో ఎవరో ముద్దు పెట్టుకున్నప్పుడో ఎంగిలి గ్లాసు తాగినప్పుడో వస్తుంది, చాలామందికి వచ్చినట్టు కూడా తెలీదు. వచ్చాక ఇక పోదు. ముఖానికి స్పర్శ ఇచ్చే నరం ఒకటుంది, దాని ముడి పుర్రె లోపల చెవికి కాస్త ముందు భాగంలో ఉంటుంది, వైరస్ అక్కడికి పోయి పడుకుంటుంది. జ్వరమొచ్చినా, ఎండ దెబ్బ తగిలినా, నిద్ర లేకపోయినా, ఆడవాళ్ళకి నెలసరి టైములో అయినా, పంటి పని చేయించుకుని పెదవి ఒరుసుకున్నా లేస్తుంది, అదే నరం వెంట దిగి అదే చోటికి వస్తుంది, అందుకే ఎప్పుడూ దాదాపు ఒకే మూల పేలుతుంది. మా అమ్మ వేడి చేసింది అంటుంది, మజ్జిగ తాగు, కొబ్బరి బోండాం తాగు అంటుంది. వైరస్ మజ్జిగకి చావదు గానీ, ఎండకీ జ్వరానికీ దీనికీ సంబంధం ఉందని ఆవిడ ఏ పుస్తకం చదవకుండానే కనిపెట్టింది కదా, అందుకే నేను వాదించను, మజ్జిగ తాగేస్తా.

ఎసైక్లోవిర్ చాలా తెలివైన మందు, ఇందులో డౌటు లేదు. 1970ల్లో బరోస్ వెల్‌కమ్ కంపెనీలో తయారైంది, అక్కడ పని చేసిన గెర్ట్రూడ్ ఎలియన్‌కి 1988లో నోబెల్ వచ్చింది, ఇదొక్కదానికే కాదు, ఆవిడ చేసిన మొత్తం మందుల పనికి. దీని గొప్పతనమేంటంటే, మామూలు కణంలోకి వెళ్తే దాదాపు ఊరికే పడి ఉంటుంది, వైరస్ పట్టిన కణంలో ఆ వైరస్ తయారు చేసే ఒక ఎంజైము దీన్ని పట్టుకుని మందుగా మారుస్తుంది, అప్పుడది వైరస్ డీఎన్ఏ పెరక్కుండా ఆపేస్తుంది. అంటే తన చావుని వైరస్సే తయారు చేసుకుంటుంది. బిళ్ళగానో ఇంజెక్షన్‌గానో ఇస్తే మెదడు వాపు లాంటి పెద్ద జబ్బుల్లో ప్రాణాలు కాపాడిన మందు ఇది.

మరి క్రీముగా రాస్తే? అక్కడే తేడా వస్తుంది. వైరస్ పెరిగేది చర్మం అడుగు పొరల్లో, మనం రాసేది పైన, ఆ పై పొర దాటి లోపలికి దిగే మందు కొంచెమే. పైగా వైరస్ పెరగడమంతా మొదటి ఒకటి రెండు రోజుల్లోనే అయిపోతుంది, ఆ తర్వాత మనం చూసే పుండూ చెక్కూ ఎక్కువ భాగం ఒళ్ళు తనని తాను బాగు చేసుకునే పని. అమెరికాలో దాదాపు 1400 మంది మీద 5 శాతం ఎసైక్లోవిర్ క్రీముని రెండు పరీక్షల్లో చూసి 2002లో ఫలితాలు ఇచ్చారు. ఒక దాంట్లో మందు లేని ఉత్తి క్రీము రాసిన వాళ్ళకి పొక్కు సగటున 4.8 రోజులుంటే మందు రాసిన వాళ్ళకి 4.3 రోజులు, ఇంకో దాంట్లో 5.2 రోజులకి 4.6 రోజులు. అంటే కలిసొచ్చింది అర రోజు, అటూ ఇటూగా. అది కూడా ఎలా రాస్తే అనుకున్నారు, మొదటి లక్షణం కనిపించిన గంట లోపల మొదలుపెట్టి రోజుకి ఐదు సార్లు చొప్పున నాలుగు రోజులు రాస్తే!

గంట లోపల అన్నా. మన దగ్గర ఎవరొస్తారన్నా గంట లోపల? పొద్దున పెదవి చిమచిమలాడుతుంది, ఏదో కారం తగిలిందేమో అనుకుంటాం, సాయంత్రానికి చిన్న ఎర్ర బుడిపె, మర్నాడు పొక్కులు, అప్పుడు అత్తగారు పురుగు పాకింది అంటారు, పసుపు రాస్తారు, మూడో రోజు పొక్కు పగిలి రసి కారుతుంటే అప్పుడు మాస్కు పెట్టుకుని మీ షాపుకొస్తాం. ఆ టైములో ఎసైక్లోవిర్ క్రీము ఇవ్వడమంటే బస్సు ఊరు దాటాక స్టాండుకి పరిగెత్తడమే. మళ్ళీ మీరు పది రోజులు రాయండి అంటారు, మేం రాస్తాం, పుండు ఎలాగూ ఏడు నుంచి పది రోజుల్లో దానంతట అదే మానుతుంది, క్రీము బాగా పని చేసింది అన్నా అని వచ్చి చెప్తాం కూడా. ఇలాగే ఈ ట్యూబుకి పేరొచ్చేసింది అని నా అనుమానం.

అందుకే నేను కోరేది, ట్యూబు తీసే ముందు ఎప్పుడు మొదలైంది అని ఒక్క మాట అడగండి. ఇవాళ పొద్దున చిమచిమ మొదలైంది అంటే ఇవ్వండి, దాని విలువ దానికుంది. పొక్కు పగిలిపోయింది, చెక్కు కట్టింది అంటే ఇక ఇది దండగ, వేజ్‌లైన్ లాంటిది రాసుకుని చెక్కు పగలకుండా చూసుకోండి, గిల్లకండి అని పంపించెయ్యండి. మీకు ఆ ట్యూబు మీద మిగిలేది ఎంతో నాకు తెలీదు గానీ, మళ్ళీ మళ్ళీ వచ్చే కస్టమర్ కంటే అయితే ఎక్కువ కాదు. ఇది తరచుగా వచ్చేవాళ్ళకైతే అసలు సలహా వేరే, అమ్మా ఒక ట్యూబు ఇంట్లో పెట్టుకోండి, ఎక్స్‌పైరీ చూసుకోండి, చిమచిమ అనగానే రాయండి అని చెప్పాలి. నేను ఒకటి ఫ్రిజ్ పైన బుట్టలో, ఒకటి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటా. క్రీము అంటూ కొంటే ఇలా కొంటేనే అర్థం ఉంది.

ఐదు సార్లు రాయడం కూడా చెప్పినంత ఈజీ కాదు. పొద్దున లేచి రాస్తాం, ఇడ్లీ తింటే పోతుంది. మళ్ళీ రాస్తాం, టీ తాగితే పోతుంది. మధ్యాహ్నం ముద్దపప్పులో ఆవకాయ కలుపుకుని తిని మూతి తుడుచుకుంటే క్రీము పోవడం అటుంచి, కారం ఆ పుండుకి తగిలి చుక్కలు కనిపిస్తాయి. కాబట్టి తిన్న తర్వాత రాయండి, తినే ముందు కాదు అని చెప్పే వాళ్ళు కావాలి. రుద్దకుండా అద్దాలి, ముందూ వెనకా చేతులు కడుక్కోవాలి, ఇంట్లో అందరూ ఒకే ట్యూబులో వేలు పెట్టకూడదు. ఇవేవీ మాకు ఎవరూ చెప్పరు, లోపల కాగితం ఉంటుంది గానీ ఆ అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి.

ఇంకోటి. ఎసైక్లోవిర్ అనగానే కొందరు కంటికి వేసే 3 శాతం ఆయింట్‌మెంట్ తీసి ఇచ్చేస్తున్నారు, పేరు ఒకటే కదా అని. పెదవికి వాడేది 5 శాతం క్రీము. ఆయింట్‌మెంట్‌కీ క్రీముకీ తేడా పేరులోనే కాదు, చర్మంలోకి మందు దిగడంలో క్రీమే నయం, అమెరికాలో మొదట 1982లో వచ్చిన ఎసైక్లోవిర్ ఆయింట్‌మెంట్ మామూలు ఆరోగ్యవంతుల పెదవి పొక్కుల మీద పెద్దగా పని చేసినట్టు తేలలేదు. దయచేసి డబ్బా చూసి ఇవ్వండి.

ఇప్పుడు అమెరికా సరుకు గురించి కూడా మాట్లాడుకోవాలి, ఎందుకంటే మన ఏరియాలో ఇంటికొకరు అక్కడున్నారు, సూట్‌కేసులో చాక్లెట్లు, టైలెనాల్‌తో పాటు అబ్రీవా ట్యూబు కూడా తెస్తున్నారు, ఇక్కడి క్రీము దండగ, ఇది వాడు వదినా అని. విచిత్రమేంటంటే అక్కడ ఎసైక్లోవిర్ క్రీముకి డాక్టరు చీటీ కావాలి, ఈ అబ్రీవా మాత్రం సూపర్ మార్కెట్లో సబ్బుల పక్కన దొరుకుతుంది. ఇందులో ఉండేది డోకోసనాల్ 10 శాతం, అది వైరస్‌ని చంపదు, కణంలోకి దూరకుండా అడ్డుపడుతుంది. 2000లో అక్కడ మందులకి పర్మిషన్ ఇచ్చే సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని చీటీ లేకుండా అమ్మడానికి ఒప్పుకుంది. దాని పరీక్షలో మానడానికి పట్టిన టైము 4.1 రోజులు, మందు లేని వాళ్ళకి 4.8 రోజులు, అంటే 18 గంటలు కలిసొచ్చింది. ఇదీ మొదట్లోనే రాయాలి, ఇదీ రోజుకి ఐదు సార్లే. రెండు గ్రాముల ట్యూబుకి దాదాపు ఇరవై డాలర్లు పెట్టి అక్కడి నుంచి మోసుకొస్తున్నారు, ఇక్కడి ట్యూబు దాంట్లో ఎన్నో వంతుకే వస్తుంది. ఆ పద్దెనిమిది గంటల్నీ మన అర రోజునీ పక్కపక్కన పెట్టి ఇదే గెలిచింది అనడానికి లేదు, వేరే వేరే పరీక్షలు, వేరే వేరే లెక్కలు. నాకైతే దిగుమతి మోజు తప్ప పెద్ద తేడా కనపడలేదు.

బ్రిటన్‌లో చూడండి, ఎసైక్లోవిర్ క్రీము అక్కడ మామూలుగా కౌంటర్ మీదే దొరుకుతుంది. 2018లో వాళ్ళ ప్రభుత్వ వైద్య సంస్థ ఎన్‌హెచ్‌ఎస్, ఎప్పుడో ఒకసారి వచ్చే పెదవి పొక్కులకి ఇక ప్రభుత్వ ఖర్చుతో మందులు రాయొద్దు, కావాలంటే జనమే కొనుక్కుంటారు అని డాక్టర్లకి చెప్పేసింది, పైగా మొదట్లో రాయకపోతే పెద్దగా లాభం లేదని కూడా రాసింది. ప్రతి మందూ పౌండ్లలో లెక్కేసే దేశం దీన్ని ఎంత చిన్న లాభంగా చూసిందో దీన్ని బట్టే తెలుస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది న్యూజిలాండ్ పరీక్ష. 952 మందిని, అది కూడా మీలాంటి మెడికల్ షాపుల ద్వారానే తీసుకుని, సగం మందికి 5 శాతం ఎసైక్లోవిర్ క్రీము, సగం మందికి కానుకా అనే అక్కడి చెట్టు (మన కానుగ కాదు) పూల తేనెతో చేసిన క్రీము ఇచ్చారు. 2019లో వచ్చిన ఫలితం ఏంటంటే, చర్మం మామూలు అవ్వడానికి ఎసైక్లోవిర్ వాళ్ళకి 8 రోజులు, తేనె వాళ్ళకి 9 రోజులు, లెక్కల ప్రకారం దాన్ని తేడా అనలేం. పేపర్లవాళ్ళు తేనె మందుతో సమానం అని రాసుకున్నారు. నేను తిప్పి చదువుకున్నా, మందు తేనె కంటే గొప్పగా ఏమీ లేదు అని! ఏమీ రాయని మూడో గుంపు కూడా ఉండుంటే అసలు సంగతి తేలేది. అలాగని వంటింటి సీసాలో తేనె పుండు మీద పొయ్యమని కాదు, వాళ్ళు వాడింది శుభ్రం చేసిన మెడికల్ గ్రేడ్ తేనె. ఇక టూత్‌పేస్టు, సున్నం, పటిక రాసే వాళ్ళున్నారు, వాళ్ళకి మాత్రం దణ్ణం పెట్టి ఆపండి, పెదవి తోలు అసలే పల్చన, సున్నంతో కాలిన మచ్చ పొక్కు కంటే ఎక్కువ కాలం ఉంటుంది.

మరి పని చేసేది ఏదీ లేదా అంటే ఉంది, బిళ్ళలు. వాలాసైక్లోవిర్ అని, మొదటి చిమచిమ దగ్గరే ఒక్క రోజు పెద్ద డోసులో వేసుకునే పద్ధతికి 2002లో అమెరికాలో పర్మిషన్ వచ్చింది, దాంతో దాదాపు ఒక రోజు తగ్గుతుంది, ఐదు పూటలు రాసే గోల లేదు. ఏడాదిలో చాలాసార్లు వచ్చి సతాయించే వాళ్ళకి రోజూ చిన్న డోసు వేసుకుని రాకుండా ఆపుకునే పద్ధతి కూడా ఉంది. అయితే ఇవి కిడ్నీ సమస్యలున్న వాళ్ళకి డోసు మార్చి ఇవ్వాల్సినవి, అందుకని చీటీ లేకుండా బిళ్ళలు ఇచ్చెయ్యండి అని నేను అనట్లేదు. ఏడాదికి ఐదారు సార్లు వస్తుందా, అయితే డాక్టరు దగ్గర దీనికి బిళ్ళలున్నాయి అని చెప్తే చాలు. నెలకో ట్యూబు కొనే మనిషికి ఆ మాట ఇప్పటిదాకా ఎవరూ చెప్పి ఉండరు.

డాక్టరు దగ్గరికి తప్పకుండా తరమాల్సిన వాళ్ళు కొందరున్నారు, వాళ్ళకి మాత్రం క్రీము ఇచ్చి పంపకండి. కన్ను ఎర్రబడి నొప్పిగా ఉన్నా, వెలుతురు చూడలేకపోతున్నా, కంటి దగ్గర పొక్కులు లేచినా అదే రోజు కంటి డాక్టరు, ఈ వైరస్ కంటి నల్లగుడ్డు మీదకి ఎక్కితే చూపు పోవచ్చు. కీమోథెరపీలో ఉన్నవాళ్ళు, కిడ్నీ మార్పిడి అయినవాళ్ళు, హెచ్‌ఐవీ మందులు వాడేవాళ్ళు. ఎగ్జిమా ఉన్న పిల్లలకి పొక్కులు ఒంటి మీదకి పాకితే ఎమర్జెన్సీయే. రెండు వారాలైనా మానని పుండు, ముఖ్యంగా గుట్కా, చుట్ట అలవాటున్న వాళ్ళకి పెదవి మీద మానని పుండు ఉంటే అది పొక్కు కాకపోవచ్చు.

ఇక పసిపిల్లలు. ఇది మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. బారసాలకి వెళ్తాం, బంతిలా ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి బిడ్డ మారుతుంది, ప్రతి ఒక్కళ్ళూ ముద్దులే. మూతి పేలిన మనిషి నెల లోపు బిడ్డని ముద్దు పెట్టుకుంటే ఆ వైరస్ బిడ్డ మెదడుకీ లివర్‌కీ పాకి ప్రాణం మీదకి రావచ్చు, అరుదే, కానీ వస్తే చాలా ఘోరం. ఎవరికైనా ఈ క్రీము ఇచ్చేటప్పుడు ఇంట్లో చంటిపిల్లలున్నారా అని అడిగితే ఏం పోతుంది? చెక్కు రాలి చర్మం మామూలయ్యే దాకా ముద్దులొద్దు, ఒక గ్లాసు, ఒక తువ్వాలు వద్దు, అంతే.

ఇంకో సంగతి మీలో కుర్రాళ్ళకి. మొన్నామధ్య నా ముందు నిలబడ్డ అమ్మాయి, కొత్తగా పెళ్ళైందని చేతుల గోరింటాకే చెప్తోంది, పెదవి చూపించి క్రీము అడిగితే కౌంటర్ తమ్ముడు, హెర్పిస్ ఆ, అని వెనకనున్న వాళ్ళందరికీ వినబడేలా అని, పక్కవాడి వైపు చూసి నవ్వాడు. ఆ పిల్ల ముఖం చూడాల్సింది. ఇంటికెళ్ళి మొగుడు ట్యూబు కాగితం చదివితే అందులో జననాంగాల హెర్పిస్ అనే మాట కూడా ఉంటుంది, ఇక ఆ ఇంట్లో ఎన్ని ప్రశ్నలు! ప్రపంచంలో 50 ఏళ్ళ లోపు వాళ్ళలో 380 కోట్ల మందికి, అంటే నూటికి 64 మందికి, ఈ టైప్ 1 ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. చాలామందికి చిన్నప్పుడే వచ్చేస్తుంది. నవ్విన తమ్ముడికీ ఉండే ఛాన్సే ఎక్కువ. పేరు మెల్లగా పలకండి, కాగితం కనపడితే కంగారు పడొద్దమ్మా ఇది చిన్నప్పుడు ఇంట్లోనే అంటుకునే రకం అని ఒక మాట చెప్పి ఇవ్వండి.

ఎండ గురించి కూడా రెండు మాటలు. మన పల్నాడులో మిరప కోతలు మొదలైతే ఆడవాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ ఎండలోనే, రెంటచింతల ఎండ గురించి మీకు నేను చెప్పాలా. 1991లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన చిన్న పరీక్ష ఒకటుంది, ఎండతో మూతి పేలే అలవాటున్న 38 మంది పెదాల మీద ల్యాబులో అల్ట్రావయొలెట్ వెలుగు వేశారు, ఉత్తి క్రీము రాసినప్పుడు 27 మందికి పొక్కులొచ్చాయి, సన్‌స్క్రీన్ రాసినప్పుడు ఒక్కరికీ రాలేదు. బయట మామూలు ఎండలో చేసిన పరీక్షల్లో ఇంత గొప్పగా రాలేదు, చెమటకి పోతుంది, మళ్ళీ మళ్ళీ రాయాలి, ఎవరు రాస్తారు. అయినా ఎండతోనే పేలుతుంది అని కచ్చితంగా తెలిసిన వాళ్ళకి ఎస్‌పీఎఫ్ ఉన్న లిప్ బామ్, ముఖానికి అడ్డంగా చుట్టుకునే కండువా, ఈ రెండూ ట్యూబు కంటే ముందు చెప్పాల్సినవి. కూలికెళ్ళే అమ్మలకి లిప్ బామ్ అంటే నవ్వుతారు, కండువా అయితే వాళ్ళకే ముందు తెలుసు. ఎసైక్లోవిర్ క్రీము ముందుగానే రోజూ రాసుకుంటే పొక్కు రాదు అనుకుని రాసేవాళ్ళున్నారు, అలా ఆపుతుందని రుజువు లేదు, వాళ్ళకీ చెప్పండి.

ఇవన్నీ చెప్పడం మా పనా అంటారేమో. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్‌లో మందు ఎలా వాడాలో పేషెంటుకి వివరించడం ఫార్మాసిస్టు పని అనే ఉంది. గోడకి ఫ్రేము కట్టిన లైసెన్సు మీద పేరున్న మనిషి ఒక్కోసారి షాపులో కనపడరు, ఆ సంగతి డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు చూసుకుంటారు, నేను దాంట్లోకి పోను. మీరు రోజుకి ఎంతమందితో మాట్లాడతారో, నడుములు ఎలా లాగేస్తాయో చూస్తూనే ఉన్నా. నేనడిగేది రెండు ప్రశ్నలు, ఎప్పుడు మొదలైంది, ఇంట్లో పసిపిల్లలున్నారా. పావు నిమిషం పని. దాంతో సగం మంది ట్యూబు కొనకుండా వెళ్ళిపోవచ్చు, ఆ నష్టం మీకుంటుంది, కాదనను.

ఆ మూడు కలిపిన క్రీము మాత్రం ముఖానికి అని ఎవరడిగినా, చీటీ లేకపోతే, లేదు అని చెప్పండి. స్టాకుంటే కూడా లేదనే చెప్పండి.

ఇట్లు,
మీ దగ్గర అప్పు పెట్టి మందులు పట్టుకెళ్ళే ఒక లెక్చరర్, నరసరావుపేట.